రాజు వెళ్లిపోయాక మిగిలిన ప్రమాణం

2011లో బ్రిస్టల్ నగరంలో నాకు బ్రిటిష్ పౌరసత్వం ఇచ్చిన రోజున, సభ మొదలయ్యే ముందు, మా అందరి చేతికీ తలా ఒక అట్టముక్క ఇచ్చారు. మేము లేచి నిలబడి పైకి చదవవలసిన వాక్యం దాని మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ఉంది. దేవుని సాక్షిగా ప్రమాణం చేసేవారికి ఒక వాక్యం, దేవుని పేరెత్తకుండా మాట ఇచ్చేవారికి మరొకటి. నేను మొదటిదే చదివాను. రెండవ ఎలిజబెత్ రాణికి, చట్టప్రకారం ఆమె వారసులకు, ఆమె తరువాత గద్దెనెక్కేవారికి విశ్వాసంగా ఉంటానని, నిజమైన విధేయత చూపుతానని సర్వశక్తిమంతుడైన దేవుని మీద ఒట్టు పెడుతున్నానని దాని అర్థం. ఆ సాయంత్రం మా అమ్మ ఫోనులో అంతా విని, కాసేపు ఆగి, "అయితే ఇక మన దేశం నీది కాదని వాళ్ల ముందు ఒట్టు వేసి చెప్పావా నాన్నా?" అని అడిగింది. "లేదమ్మా, అలాంటి మాటేదీ చెప్పమనలేదు" అన్నాను. అది నిజమే. కానీ మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కనుక నా పాత పాస్‌పోర్టు తిరిగి ఇవ్వక తప్పలేదు. రద్దు ముద్ర పడిన ఆ పుస్తకం, ఆ అట్టముక్క ఇప్పటికీ ఒకే సొరుగులో ఉన్నాయి.

ఆ వాక్యంలో "చట్టప్రకారం" అన్న మాట ఎందుకుందో ఆ రోజు నేను ఆలోచించలేదు. మా ఊరికి గంట ప్రయాణంలోపే ఉన్న వెల్స్ పట్టణానికి వెళ్లి, అక్కడి కేథడ్రల్ పక్కన నీటి కందకం చుట్టూ ఉన్న బిషప్ భవనం చూసి, ఒకప్పుడు అందులో నివసించిన బిషప్ థామస్ కెన్ గురించి చదవడం మొదలుపెట్టిన తరువాత గానీ ఆ ఒక్క మాట కోసం ఎందరు మనుషులు ఎంత పోగొట్టుకున్నారో నాకు తెలియలేదు. అప్పటి నుంచి ఈ కథ నన్ను వదలలేదు.

ఇంగ్లండ్ రాజు రెండవ జేమ్స్ 1685లో గద్దెనెక్కాడు. ఆయన కాథలిక్, దేశ ప్రజల్లో అత్యధికులు ప్రొటెస్టెంట్లు. బిషప్పులు, చర్చి గురువులు అందరూ రాజుకు, ఆయన వారసులకు, ఆయన తరువాతి వారికి విధేయులుగా ఉంటామని దేవుని ముందు ప్రమాణం చేసినవారే. ఆ పాత ప్రమాణంలోనూ వారసుల మాట ఉంది. "చట్టప్రకారం" అన్న మాట మాత్రం లేదు. రాజును నియమించేది దేవుడే తప్ప మనుషులు కారని, రాజు తప్పు చేస్తే ఆ తప్పులో పాలుపంచుకోకుండా ఉండవచ్చు గానీ ఆయన మీద కత్తి ఎత్తకూడదని వాళ్లు నమ్మారు, తరతరాలుగా అదే బోధించారు.

కెన్ స్వభావం ఎలాంటిదో చెప్పడానికి జేమ్స్‌కు ముందు రాజ్యమేలిన ఆయన అన్నగారు రెండవ ఛార్లెస్ కాలం నాటి సంగతి ఒకటుంది. 1683లో రాజు వించెస్టర్‌కు వచ్చినప్పుడు, ఆయన ప్రియురాలు నెల్ గ్విన్‌కు కెన్ ఇంట్లో బస ఏర్పాటు చేయబోతే కెన్ ఒప్పుకోలేదు. రాజు కోపగించుకోలేదు. మరుసటి ఏడాది వెల్స్ బిషప్ పదవి ఖాళీ అయినప్పుడు ఆ పదవిని ఈయనకే ఇచ్చాడు.

1685లో మన్మత్ ప్రభువు జేమ్స్ మీద తిరుగుబాటు చేసి సెడ్జ్‌మూర్ దగ్గర ఓడిపోయాడు. ఆయన వెంట నడిచిన సామాన్యుల్లో చాలామంది కెన్ డయాసిస్‌కు, అంటే ఆయన బిషప్‌గా చూసుకునే ప్రాంతానికి, చెందిన సోమర్‌సెట్ రైతులు, నేతపనివారు. తిరుగుబాటు మహాపాపమని కెన్ నమ్మాడు. అయినా వెల్స్ జైళ్లలో కిక్కిరిసిన ఆ ఖైదీల దగ్గరికి రాత్రింబవళ్లు వెళ్లాడు, వాళ్లకు తిండి పెట్టించాడు. రాజుకు ద్రోహం చేసినవారికి అన్నం పెట్టడానికీ, రాజుకు ఇచ్చిన మాట నిలుపుకోవడానికీ మధ్య ఆయనకు వైరుధ్యమేమీ కనిపించలేదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆయన తరువాత చేసినవన్నీ అర్థమవుతాయని నాకనిపిస్తుంది.

1688 మేలో జేమ్స్ తన మతస్వేచ్ఛా ప్రకటనను అన్ని చర్చిల్లోనూ చదివి వినిపించాలని ఆజ్ఞాపించాడు. కాథలిక్కుల మీద, స్థాపిత చర్చిలో చేరని ప్రొటెస్టెంట్ల మీద ఉన్న శిక్షల చట్టాలను పార్లమెంటుతో పనిలేకుండా రాజు ఒక్కడే పక్కన పెట్టే ప్రకటన అది. దానిని చదవలేమని ఆర్చిబిషప్ విలియం శాన్‌క్రాఫ్ట్ తన చేతితోనే విన్నపం రాశాడు. మే 18న ఆరుగురు బిషప్పులు దానిని వైట్‌హాల్ రాజభవనానికి తీసుకువెళ్లి రాజు ముందు మోకరిల్లి అందించారు. ఇది తిరుగుబాటు జెండా ఎత్తడమేనని జేమ్స్ మండిపడ్డాడు. మనుషులందరికీ తమరు ఇస్తున్న స్వేచ్ఛను మాకు కూడా ఇవ్వమని వేడుకుంటున్నామని కెన్ బదులిచ్చాడు. జూన్ 8న శాన్‌క్రాఫ్ట్‌తో కలిపి ఏడుగురినీ ఖైదీలుగా లండన్ టవర్‌కు పంపారు. జూన్ 30న జ్యూరీ వాళ్లు నిర్దోషులని తీర్పు చెప్పినప్పుడు లండన్ వీధుల్లో సంబరాల మంటలు వేశారు.

అదే రోజున ఏడుగురు ప్రముఖులు హాలండ్‌లో ఉన్న విలియంకు, అంటే రాజు అల్లుడికి, సైన్యంతో రమ్మని రహస్యంగా లేఖ పంపారు. నవంబరు 5న విలియం టోర్‌బేలో దిగాడు. జేమ్స్ వైపు నిలబడవలసిన సేనాధిపతులు ఒకరి తరువాత ఒకరు అవతలి పక్షంలో చేరిపోయారు. డిసెంబరులో జేమ్స్ రాజముద్రను థేమ్స్ నదిలోకి విసిరేసి పారిపోబోయి, కెంట్ తీరంలో జాలర్ల చేతికి చిక్కి, లండన్‌కు తిరిగి వచ్చి, చివరికి ఫ్రాన్స్ చేరుకున్నాడు. 1689 ఫిబ్రవరిలో విలియం, ఆయన భార్య మేరీ రాజు రాణులయ్యారు. జేమ్స్ గద్దెను తానే వదులుకున్నాడని, సింహాసనం ఖాళీగా ఉందని అప్పుడు సమావేశమైన సభ తీర్మానించింది. రాజు పేరు జేమ్స్‌కే ఉంచి పాలన మాత్రం వేరొకరికి అప్పగిద్దామన్న ప్రతిపాదన ప్రభువుల సభలో రెండు ఓట్ల తేడాతో, 49కి 51తో, వీగిపోయింది. కెన్ దానికి అనుకూలంగా ఓటు వేశాడు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. కొత్త రాజు రాణులకు విధేయులుగా ఉంటామని బిషప్పులు, గురువులు, విశ్వవిద్యాలయాల అధ్యాపకులు అందరూ 1689 ఆగస్టు 1లోగా ప్రమాణం చేయాలన్నారు. చేయనివారిని మొదట పదవి నుంచి నిలిపివేస్తారు, ఆరు నెలల గడువు కూడా దాటితే తొలగిస్తారు. వాళ్ల మనస్సుకు ఇబ్బంది తగ్గించాలనే పాత ప్రమాణంలో ఉన్న "న్యాయమైన, చట్టబద్ధమైన రాజు" అన్న మాటలను కొత్తదాంట్లోంచి తీసేశారు. విశ్వాసంగా ఉంటానని, నిజమైన విధేయత చూపుతానని చెబితే చాలు. ఎక్కువమంది చేశారు. తొమ్మిదిమంది బిషప్పులు, నాలుగు వందల మంది వరకు గురువులు చేయలేదు. ప్రమాణం చేయనివారన్న అర్థంలో వాళ్లకు నాన్‌జూరర్లు అన్న పేరు వచ్చింది. నన్ను కదిలించినది ఏమిటంటే, జేమ్స్ టవర్‌లో పెట్టించిన ఏడుగురు బిషప్పుల్లో ఐదుగురు ఇప్పుడు అదే జేమ్స్‌కు ఇచ్చిన మాట తప్పబోమంటూ పదవులు వదులుకోవడానికి సిద్ధపడ్డారు. శాన్‌క్రాఫ్ట్, కెన్ ఆ ఐదుగురిలో ఉన్నారు.

పట్టాభిషేకానికి ముందు మేరీ ఆశీర్వాదం కోరుతూ శాన్‌క్రాఫ్ట్ దగ్గరికి మనుషులను పంపితే, ముందు వెళ్లి తండ్రి ఆశీర్వాదం తెచ్చుకొమ్మనండి, అది లేకుండా నా ఆశీర్వాదం పరలోకంలో ఎవరికీ వినబడదు అని ఆయన జవాబిచ్చాడని చెబుతారు.

మన భాషలో విశ్వాసం అనగానే ముందు ఉప్పు గుర్తుకొస్తుంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదంటాం. బిషప్పులను టవర్‌లో పెట్టడానికి ముందటి ఏడాది, 1687లో, ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. కోటలోని సర్దారు అబ్దుల్లా ఖాన్ పానీ లంచానికి లొంగి రాత్రివేళ కోట తలుపు తీయించాడు. మరో సర్దారు అబ్దుర్ రజాక్ లారీ మాత్రం ఔరంగజేబు పంపిన ఫర్మానాను అందరి ఎదుట చించి పారేసినవాడు; తలుపు తెరుచుకున్న రాత్రి కొద్దిమందితో ఎదురు వెళ్లి, ఒంటి మీద డెబ్బై దాకా గాయాలతో పడిపోయాడు. ఔరంగజేబు వైద్యులను పంపి బతికించి కొలువు ఇస్తానంటే, తానాషా ఉప్పు తిన్నవాడు ఇంకొకరిని కొలవలేడన్నాడని చరిత్రకారుడు కాఫీ ఖాన్ రాశాడు. కొంతకాలానికి ఆయన కూడా మొఘల్ కొలువులో చేరాడు. అందుకు ఆయనను తప్పుపట్టాలని నాకనిపించదు. ఉప్పు ఋణం మనిషికి మనిషితో ఉన్న ఋణం. పెట్టిన చేయి బందీ అయిపోయాక, ఒళ్లంతా గాయాలతో ఆ ఋణం తీర్చాక, మనిషి మరో దారి చూసుకుంటే అది ద్రోహం కాదు.

శాన్‌క్రాఫ్ట్‌కు, కెన్‌కు జేమ్స్ దగ్గర ఉప్పు ఋణమంటూ ఏమీ మిగల్లేదు. రాజు వాళ్లకు చేసిన మేలు కన్నా పెట్టిన బాధే ఎక్కువ. వాళ్లు కట్టుబడినది జేమ్స్‌కు కాదు, దేవుని ముందు తాము పలికిన మాటకు. ఆ మాటకు సాక్షి దేవుడు. రాజు చెడ్డవాడైనంత మాత్రాన, పారిపోయినంత మాత్రాన, పార్లమెంటు తీర్మానించినంత మాత్రాన ఆ సాక్షి తప్పుకోడు. 1688లో రాజు ఎదుట మోకరిల్లి "చదవలేము" అన్నదీ, 1689లో కొత్త రాజుతో "ప్రమాణం చేయలేము" అన్నదీ ఒకే నోరు. గద్దె మీద ఉన్నవాడి కోపానికి భయపడని మనిషికి, గద్దె దిగినవాడిని వదిలేస్తే కలిగే లాభం కూడా కనిపించలేదు. చాలామంది చరిత్రకారులు మొదటిదాన్ని ధైర్యమని మెచ్చుకుని, రెండోదాన్ని చాదస్తమని తీసిపారేస్తారు. నేను అలా విడదీయలేకపోతున్నాను.

అంతమాత్రాన వాళ్ల రాజకీయ సిద్ధాంతాన్ని నేను ఒప్పుకుంటున్నానని కాదు. విలియం గెలవకపోతే 1689 నాటి హక్కుల చట్టం వచ్చేది కాదు, చట్టాలను రాజు తన ఇష్టం వచ్చినట్టు పక్కన పెట్టడం ఆగేది కాదు. రాజు కన్నా చట్టం పెద్దదన్న ఆ ఆలోచన నీడలోనే నేను ఈ దేశంలో బతుకుతున్నాను. నా అట్టముక్క మీది "చట్టప్రకారం" అన్న మాట తరువాతి కాలంలో చేర్చినదే అయినా, దాని వెనుక ఉన్న తీర్పు ఆ ఏడాదిదే: వారసుడెవరో రక్తం ఒక్కటే నిర్ణయించదు, చట్టం నిర్ణయిస్తుంది. ఆ తీర్పు మంచిదని నేను నమ్ముతాను. ఆ తీర్పును కాదన్న మనుషులను గౌరవిస్తాను కూడా. ఈ రెండూ నాలో ఇమిడే ఉన్నాయి.

ప్రమాణం చేసినవారందరూ అవకాశవాదులేనని అనుకోవడం కూడా అన్యాయం. విలియం షెర్లాక్ అనే పేరున్న బోధకుడు మొదట ప్రమాణం చేయనన్నాడు, పదవి పోగొట్టుకునే దాకా వచ్చాడు, 1690లో మనసు మార్చుకుని ప్రమాణం చేశాడు. దేవుడు ఒకరిని గద్దె మీద స్థిరంగా నిలబెట్టాక, ఆయన అక్కడికి ఎలా వచ్చాడన్నది పక్కన పెట్టి ఆయనకు విధేయత చూపడమే దేవుని చిత్తానికి లోబడడమని వాదించాడు. ఆ వాదానికి ఆధారంగా ఆయన వాడుకున్న పాత గ్రంథాన్ని అంతకు ముందే అచ్చు వేయించినది స్వయంగా శాన్‌క్రాఫ్ట్. వాదం బోలుగా ఏమీ లేదు. రాజ్యాలు కూలినప్పుడల్లా సామాన్యులు బతకవలసింది అలాగే. ప్రతి ఊరివాడూ పాత రాజు కోసం ఇల్లూ వాకిలీ వదులుకోవాలంటే లోకం సాగదు. కానీ ఆ మరుసటి ఏడే షెర్లాక్ సెయింట్ పాల్స్ కేథడ్రల్‌కు డీన్, అంటే ప్రధాన గురువు, అయ్యాడు. దానితో ఆయన వాదం ఎంత నిజాయితీగా చేసినదో ఇక ఎవరికీ తేల్చుకునే వీలు లేకుండా పోయింది. మనసు మారడం తప్పు కాదు. మారిన మనసుకు వెంటనే బహుమానం అందుకుంటే మాత్రం ఆ మార్పు మీద లోకానికి నమ్మకం పోతుంది, మనిషికి తన మీద తనకే పోవచ్చు.

కెన్ కూడా ఊగిసలాడాడు. అప్పట్లో ఆయన లాంబెత్‌లో స్నేహితుడు జార్జ్ హూపర్ ఇంట్లో ఉన్నాడు. హూపర్ ప్రమాణం చేసినవాడు. ఒక రాత్రి హూపర్ ఎంతో ఓపికగా వాదించి, కెన్ ఇక చేస్తాడనిపించేంత దాకా తీసుకొచ్చాడు. తెల్లవారాక కెన్ ఆయనతో, దయచేసి నన్ను ఇక ఒత్తిడి చేయకు, నువ్వు చెప్పావని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తే లోకంలో నా అంత దౌర్భాగ్యుడు ఉండడు అన్నాడని హూపర్ కుమార్తె రాసిపెట్టింది. నాకు కెన్ మీద గురి కుదిరినది ఈ మాటల దగ్గరే. నేనే సరి, నువ్వు తప్పు అని ఆయన అనలేదు. నీ వాదం గెలవవచ్చు, అయినా ఈ భారం నా మీద మోపకు అన్నాడు.

వెల్స్ పదవిని ముందుగా విలియం బెవరిజ్‌కు ఇవ్వజూపారు. ఆయన ప్రమాణం చేసినవాడే, కానీ బతికున్న బిషప్ కుర్చీలో కూర్చోలేనని నిరాకరించాడు. అలాంటివారి పేర్లు చరిత్రలో చిన్న అక్షరాల్లోనే ఉండిపోతాయి. తరువాత 1691లో రిచర్డ్ కిడర్ ఆ స్థానంలోకి వచ్చాడు. కెన్ ఉన్నదంతా అమ్ముకుంటే ఏడు వందల పౌండ్లు వచ్చాయి. ఆ సొమ్మును పాత స్నేహితుడు వేమత్ ప్రభువు చేతిలో పెట్టి, ఏడాదికి ఎనభై పౌండ్ల ఏర్పాటు మీద ఆయన లాంగ్లీట్ భవనంలోనే ఎక్కువకాలం గడిపాడు. శాన్‌క్రాఫ్ట్ సఫోక్‌లోని సొంత ఊరు ఫ్రెసింగ్‌ఫీల్డ్‌కు వెళ్లిపోయి 1693లో అక్కడే కన్నుమూశాడు.

శాన్‌క్రాఫ్ట్ విషయంలో నాకొక అసంతృప్తి ఉంది. గిల్బర్ట్ బర్నెట్ అనే విలియం మనిషిని బిషప్‌గా అభిషేకించవలసి వచ్చినప్పుడు తన చేతులతో చేయనన్నాడు గానీ, మిగతా బిషప్పులు చేయడానికి అధికారపత్రం ఇచ్చాడు. తన చేయి తడవకపోతే చాలనుకోవడం అంత పెద్ద మనిషికి తగినది కాదు. తరువాత, ఆయన బతికుండగా ఇచ్చిన ఆశీస్సులతోనే, నాన్‌జూరర్లలో కొందరు ప్రవాసంలో ఉన్న జేమ్స్ అనుమతి తీసుకుని 1694లో తమ కోసం వేరుగా కొత్త బిషప్పులను అభిషేకించుకున్నారు. తాము చేసిన ప్రమాణాన్ని తాము మోయడం ఒకటి. దానిని చేయని తరువాతి తరానికి కూడా దానిని వారసత్వంగా అంటగట్టడం వేరొకటి. కెన్ ఆ పనిని ఇష్టపడలేదు. ఉన్న బిషప్పులతోనే ఈ చీలిక అంతరించిపోవాలని ఆయన కోరుకున్నాడు.

1696లో, పదవులు పోయి ఆకలితో ఉన్న గురువుల కుటుంబాల కోసం చందా అడిగినందుకు కెన్‌ను రాజు సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్ ముందుకు పిలిపించారు. ఆయన అక్కడ పాత సంగతి గుర్తుచేశాడు. జేమ్స్ కాలంలో నా డయాసిస్‌లో వెయ్యి మందికి పైగా తిరుగుబాటుదారులు జైల్లో ఉంటే వాళ్లను ఆదుకోవడం నా ధర్మమనుకున్నాను అన్నాడు. ఆ రాజుకు ఎదురు తిరిగినవారికి అన్నం పెట్టిన చేతితోనే, ఈ రాజును ఒప్పుకోనివారికి కూడా పెడుతున్నానని దాని తాత్పర్యం. కౌన్సిల్ ఆయనను విడిచిపెట్టింది.

1703 నవంబరు 26 రాత్రి ఇంగ్లండ్ మీద మహా తుఫాను విరుచుకుపడింది. వెల్స్ భవనంలో పొగగూడు కూలి మంచం మీద ఉన్న బిషప్ కిడర్, ఆయన భార్య చనిపోయారు. అదే రాత్రి కెన్ పోల్‌షాట్‌లో మేనల్లుడి ఇంట్లో ఉన్నాడు. మర్నాడు పనివాళ్లు చూస్తే, ఆయన తల మీది కప్పును మోసే దూలం కదిలిపోయి గోడ మీద అరంగుళం మాత్రమే ఆనుకుని ఉందని ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. తన కుర్చీలో కూర్చున్నవాడు పోయాడు, తాను మిగిలాడు. నీ పదవి మళ్లీ తీసుకొమ్మని అప్పటికి గద్దె మీద ఉన్న ఆన్ రాణి పక్షాన అడిగితే కెన్ ఒప్పుకోలేదు. ప్రమాణం సంగతి అలాగే ఉంది, ఒంట్లో శక్తి కూడా తగ్గింది. అయితే ఆ స్థానాన్ని హూపర్‌కు, ఆ రాత్రి లాంబెత్‌లో తనతో వాదించి ఓడిపోయిన స్నేహితుడికే, ఇవ్వబోతున్నారని తెలిసి ఎంతో సంతోషించాడు. తప్పక తీసుకొమ్మని హూపర్‌ను తానే బతిమాలాడు, ఆ డయాసిస్ మీద తనకున్న హక్కు వదులుకున్నాడు. మిగిలిన నాన్‌జూరర్లలో కఠినమైనవారు ఇది ద్రోహమని ఆయన మీద విరుచుకుపడ్డారు. పధ్నాలుగేళ్లుగా పట్టు విడవని మనిషి, తన పట్టు వల్ల వెల్స్ ప్రజలకు మంచి కాపరి లేకుండా పోకూడదనుకున్నాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈ వదులుకోవడమే.

2022 సెప్టెంబరు 8న ఎలిజబెత్ రాణి మరణించినప్పుడు టీవీ ముందు కూర్చుని సొరుగులోని ఆ అట్టముక్క బయటికి తీశాను. నన్నెవరూ అడగలేదు, నేను మళ్లీ పెదవి కదపలేదు, అయినా నా ప్రమాణం ఆ మధ్యాహ్నమే ఛార్లెస్‌కు చెందిపోయింది, చట్టప్రకారం. ఆ మరుసటి వసంతంలో ఫ్రూమ్ పట్టణానికి వెళ్లాను. సెయింట్ జాన్ చర్చి తూర్పు కిటికీ కింద, గోడ బయట, కెన్ సమాధి ఉంది. శవపేటిక ఆకారంలో వంచిన ఇనుపకడ్డీలు, వాటి మీద ఇనుముతోనే చేసిన బిషప్ కిరీటం, చేతికర్ర. ఎక్కడికి వెళ్లినా తన శవవస్త్రాన్ని సామాన్లలోనే పెట్టుకుని తిరిగిన ఆయన 1711 మార్చి 19న లాంగ్లీట్‌లో చనిపోయాడు. లాంగ్లీట్ విల్ట్‌షైర్‌లో ఉంది, అది వేరే బిషప్ పరిధి. హక్కు వదులుకుని ఏడేళ్లు గడిచినా, తన డయాసిస్ సరిహద్దులో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న చర్చి ఆవరణలో, తూర్పు కిటికీ కింద, సూర్యుడు ఉదయించే వేళ తనను పూడ్చిపెట్టమని ఆయన కోరాడు. ఆ చర్చి ఫ్రూమ్‌ది. ఆయనను పొద్దు పొడిచే వేళకు సరిహద్దు దాటించి అక్కడికి తీసుకొచ్చారు.